శాంటోరిని లేని గ్రీస్ క్రూయిజ్: మాకు టికెట్ అమ్మిన విశాఖ ఏజెన్సీకి నా మార్కులు

ఇది ఓడ గురించి రివ్యూ కాదని ముందే చెప్పేస్తున్నాను. గది బాగుంది, తిండి బాగుంది, మా పిన్నికి ఉల్లి, వెల్లుల్లి లేకుండా కూర కూడా చేసి పెట్టారు, ఓడ సంగతి అంతే. నేను రాస్తున్నది మాకు ఆ టికెట్లు అమ్మిన ద్వారకానగర్ ట్రావెల్ ఏజెన్సీ గురించి, అందులోనూ డబ్బు కట్టాక రేవులు మారిపోయినప్పుడు వాళ్ళు ఏం చేశారు, ఏం చేయలేదు అన్నదాని గురించి. ఏజెన్సీ పేరు రాయడం లేదు. అక్కడ మాట జారింది కొత్తగా చేరిన ఒక కుర్రాడు, పేరు బయట పెడితే ముందు పోయేది అతని ఉద్యోగమే. ఐదుకి మూడున్నర ఇస్తున్నాను.

మేం కొన్నది వారం రోజుల గ్రీస్ క్రూయిజ్. ఏథెన్స్ పక్కన పిరయస్ రేవులో ఎక్కడం, మైకొనోస్, టర్కీలో కుషాదాసి, రోడ్స్, శాంటోరిని చూసుకుని మళ్ళీ పిరయస్‌లో దిగడం. 2025 ఆగస్టు ప్రయాణం. నేను, మా ఆయన, అమ్మ, పిన్ని. అసలు ఈ ట్రిప్ పిన్ని కోసమే పెట్టుకున్నాం. ఆవిడ నర్సుగా రిటైరయ్యారు, పెళ్ళి చేసుకోలేదు, మా అందరి చదువులకీ డబ్బు సర్దింది ఆవిడే. ఎప్పుడో ఆస్పత్రి గోడ మీద కేలండర్లో ఆ తెల్ల ఇళ్ళు, నీలం గుమ్మటాలు చూసి ఇదెక్కడ అని అడిగితే ఎవరో శాంటోరిని అని చెప్పారట, అప్పటి నుంచి ఆవిడకి విదేశం అంటే అదొక్కటే. ఏజెన్సీకి వెళ్ళినప్పుడు కూడా మేం మొదట అడిగింది అదే, ఓడ శాంటోరినిలో ఆగుతుందా అని. ఆ కుర్రాడు "శాంటోరిని గ్యారంటీ అండీ, అది లేకుండా గ్రీస్ క్రూయిజే ఉండదండీ" అన్నాడు. బ్రోచర్ అట్ట మీద బొమ్మ కూడా అదే.

నేను ఒకటిన్నర మార్కు కోసింది ఈ ఒక్క మాటకే. క్రూయిజ్ అమ్మేవాళ్ళు ఏ రేవు విషయంలోనూ గ్యారంటీ అన్న మాట వాడకూడదు. టికెట్ కాంట్రాక్టులో ఇది స్పష్టంగా ఉంటుంది: వాతావరణం, భద్రత, రేవు అధికారుల నిర్ణయం, ఇలా ఏ కారణంతోనైనా ఓడ ఒక రేవును వదిలేయవచ్చు, వేరే రేవు పెట్టవచ్చు, ఆగే సమయం తగ్గించవచ్చు, అందుకు కంపెనీ నష్టపరిహారం ఇవ్వక్కర్లేదు. దాదాపు అన్ని పెద్ద క్రూయిజ్ కంపెనీల కాంట్రాక్టుల్లోనూ ఈ అర్థం వచ్చే క్లాజు ఉంటుంది. అంటే మనం డబ్బు కడుతున్నది ఓడకి, గదికి, తిండికి. రేవులు వాళ్ళు చూపిస్తామంటున్న పట్టిక, అంతే. అది కొనేవాళ్ళకి తెలియకపోవచ్చు, అమ్మేవాళ్ళకి తెలిసి తీరాలి, తెలిసిన విషయం డబ్బు తీసుకునే ముందే నోటితో చెప్పాలి. నలభై పేజీల ఇంగ్లీషు పీడీఎఫ్ మెయిల్ చేసి "టర్మ్స్ పంపించాం కదండీ" అంటే మా అమ్మలాంటి వాళ్ళకి అది చెప్పినట్టు కాదు.

ప్రయాణానికి ఇంకా రెండు నెలలకు పైగా ఉండగా కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ఆ రోజు శాంటోరినిలో బెర్త్ (ఓడ ఆగే చోటు) దొరకలేదు, ఓడ బదులుగా క్రీట్ దీవిలో సూడా రేవుకి వెళ్తుంది, అసౌకర్యానికి చింతిస్తున్నాం. నాలుగు లైన్లు. మా ఆయన అది చదివి పిన్నికి ఎలా చెప్పాలా అని సాయంత్రం దాకా ఫోన్ చేయలేదు.

ఇలా ఎందుకవుతుందో కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఏజెన్సీ మీద ముందు నాకు వచ్చిన కోపంలో సగం ఇది తెలియకే. శాంటోరినిలో స్థిరంగా ఉండే జనం పదిహేను వేల చిల్లర. వేసవిలో ఒక్క రోజే నాలుగైదు పెద్ద ఓడలు వచ్చి లంగరు వేస్తే ఆ ఇరుకు సందుల్లో వాళ్ళ పిల్లలు నడవడానికే చోటుండదు, నీళ్ళకీ చెత్తకీ ఇబ్బంది. అందుకని అక్కడివాళ్ళు 2025 నుంచి రోజుకి ఎనిమిది వేల మంది క్రూయిజ్ ప్రయాణికులే అని పరిమితి పెట్టుకున్నారు. అదే ఏడాది జులై నుంచి గ్రీస్ ప్రభుత్వం ఓడ దిగే ప్రతి మనిషికీ రుసుము పెట్టింది, జూన్ నుంచి సెప్టెంబరు దాకా శాంటోరిని, మైకొనోస్‌లలో ఇరవై యూరోలు, మిగతా రేవుల్లో ఐదు. కంపెనీలేమో ఏడాదిన్నర, రెండేళ్ళ ముందే పట్టిక వేసి టికెట్లు అమ్మేస్తాయి. మధ్యలో రేవు రూల్ మారితే ఎవరో ఒకరి ఓడ పక్కకి జరగాల్సిందే. ఆ దీవి వాళ్ళని నేనేమీ అనను. మన ఊరికి ఎవరైనా ఇలా దిగిపోతే మనమూ అదే చేస్తాం. నా ఫిర్యాదల్లా ఆ రూల్ సంగతి పేపర్లలో వచ్చాక కూడా "గ్యారంటీ" అని అమ్మినవాళ్ళ మీదే.

శాంటోరిని ఒక్కటే కాదు, ఈ మధ్య చాలా చోట్ల ఇదే నడుస్తోంది. వెనిస్ నగరం మధ్య కాలవలోంచి పెద్ద ఓడలు వెళ్ళడం 2021 ఆగస్టు 1 నుంచి ఇటలీ ఆపేసింది, 25 వేల టన్నులు దాటినవి, 180 మీటర్ల కంటే పొడవైనవి రాకూడదు. దానికి ముందు 2019 జూన్‌లో ఒక పెద్ద ఓడ అదుపు తప్పి రేవు గట్టుని, ఒక టూరిస్టు పడవని గుద్దింది కూడా. ఇప్పుడు బ్రోచర్లో వెనిస్ అని ఉన్నా చాలా ఓడలు ఆగేది రావెన్నాలోనో, ట్రియెస్టేలోనో. రావెన్నా నుంచి వెనిస్ దాదాపు నూట యాభై కిలోమీటర్లు, మన దగ్గర విశాఖలో దిగుతారని చెప్పి కాకినాడలో దింపినట్టు. ఎవరైనా ఇటలీ క్రూయిజ్ కొంటుంటే పట్టికలో వెనిస్ పక్కన బ్రాకెట్లో ఏ ఊరు పేరుందో చూడండి, ఆ బ్రాకెట్టే అసలు రేవు. క్రొయేషియాలో డుబ్రోవ్నిక్ రోజుకి రెండే ఓడలంది. అలాస్కాలో జూనో 2024 నుంచి రోజుకి ఐదు పెద్ద ఓడలే అంది. ఫ్రాన్స్‌లో కాన్ 2026 నుంచి వెయ్యి మందికి మించిన ఓడలు మా రేవులోకి వద్దంది. ఆమ్‌స్టర్‌డామ్ ఏడాదికి వంద ఓడలకు తగ్గించుకుంటోంది.

ఇవి స్థానికులు పెట్టుకున్న రూల్స్. యుద్ధాల వల్ల పోయిన రేవులు వేరే: 2022 ఫిబ్రవరి తర్వాత బాల్టిక్ క్రూయిజ్‌లలోంచి సెయింట్ పీటర్స్‌బర్గ్ మాయమైంది, 2023 అక్టోబరు తర్వాత ఇజ్రాయెల్ రేవులు, ఆ ఏడాది చివర్నుంచి ఎర్ర సముద్రం దారి. ఇక కోవిడ్ మొదలైన రోజుల్లో వెస్టర్‌డామ్ అనే ఓడని జపాన్, తైవాన్, ఫిలిప్పీన్స్, గువామ్, థాయ్‌లాండ్ అన్నీ రావద్దన్నాయి, చివరికి 2020 ఫిబ్రవరిలో కంబోడియా సిహనూక్‌విల్ రేవులోకి రానిచ్చింది. ఆ ఓడలో ఉన్నవాళ్ళ టెన్షన్ ముందు మాది ఏపాటిది.

మనకీ ఇది కొత్త కాదు. 2022 జూన్‌లో కార్డీలియా క్రూయిజ్ ఓడ చెన్నై, విశాఖ, పుదుచ్చేరి రూట్లో మొదలైనప్పుడు మన పోర్టుకి ఎంత మంది చూడ్డానికి వెళ్ళారో గుర్తుండే ఉంటుంది. ఆ ఓడ ఇక్కణ్ణుంచి పుదుచ్చేరి వెళ్తే అక్కడ ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. ఓడలో కాసినో ఉందని అక్కడి పార్టీలు అభ్యంతరం చెప్పాయి. టికెట్లో ఉన్న ఊరు చూడకుండానే జనం చెన్నై చేరారు. అంటే ఇక్కడ వాతావరణమూ కాదు, జనం ఎక్కువై కాదు, ఒక ప్రభుత్వం వద్దన్న ఒక్క కారణంతో రేవు పోయింది. ఇక తుపాన్ల సంగతి విశాఖ వాళ్ళకి ఒకరు చెప్పాలా? పోర్టులో ప్రమాద హెచ్చరిక నంబరు పెరిగేకొద్దీ ఓడలు రేవు ఖాళీ చేసి లోతు సముద్రంలోకి వెళ్ళిపోతాయి, హుద్‌హుద్ అప్పుడు చూశాం. అండమాన్ ఓడ తేదీల కోసం పోర్టు చుట్టూ తిరిగిన కుటుంబాలు మన ఊళ్ళో ఎన్నో ఉన్నాయి. సముద్రం మీద ప్రయాణమంటే తేదీ మారవచ్చని మన పెద్దలకి తెలుసు. క్రూయిజ్ అనేసరికి, బ్రోచర్ మెరుపు చూసేసరికి, ఆ సంగతి మర్చిపోయేలా అమ్ముతున్నారు.

సరే, ఏజెన్సీ దగ్గరికి వస్తాను. మెయిల్ వచ్చిన మర్నాడు నేను వెళ్ళి గట్టిగానే అడిగాను. ఆ కుర్రాడు "కంపెనీ పాలసీ మేడమ్, మా చేతుల్లో లేదు" అని ఒకే మాట నాలుగుసార్లు అన్నాడు. లోపల గదిలోంచి ఒక పెద్దావిడ బయటికి వచ్చారు. క్రూయిజ్‌లు చూసేది ఆవిడేనట, మొదట్లోనే ఆవిడ దగ్గర కూర్చోబెట్టి ఉంటే ఈ రివ్యూ అవసరం ఉండేది కాదు. "గ్యారంటీ అని మా వాడు అనకూడదమ్మా, అది మా పొరపాటే" అని మొదటి మాటే అన్నారు. నాకు సగం కోపం అక్కడే పోయింది. తర్వాత మా టికెట్ తీసి ఒక కాగితం మీద లెక్క వేసి చూపించారు, నేను ఇప్పటిదాకా ఏ ట్రావెల్ ఆఫీసులోనూ అంత శ్రద్ధగా ఎవరూ చెప్పడం వినలేదు.

ఆవిడ చెప్పింది ఇదీ. ఇప్పుడు రద్దు చేసుకుంటే కట్టిన దాంట్లో ఎంత పోతుంది, ఇంకో మూడు వారాలు ఆగి రద్దు చేసుకుంటే ఎంత పోతుంది, ఎందుకంటే ప్రయాణం దగ్గర పడేకొద్దీ కోత పెరుగుతుంది, కాబట్టి రద్దు ఆలోచన ఉంటే ఈ వారంలోనే తేల్చుకోండి. రెండోది, అదే ఓడ అక్టోబరులో వెళ్ళే తేదీల్లో శాంటోరిని ఇంకా ఉంది, మారవచ్చు, కానీ అప్పుడు కూడా అది ఉంటుందని నేను మాటివ్వను. మూడోది, క్రూయిజ్ ఇలాగే చేసి, పిరయస్‌లో దిగాక తిరుగు విమానం వెనక్కి జరుపుకుని, అక్కణ్ణుంచి ఫెర్రీ ఎక్కి శాంటోరిని వెళ్ళి రెండు రాత్రులు ఉండి రండి. వేగంగా వెళ్ళే ఫెర్రీ అయితే ఐదు గంటలు, మామూలుదైతే ఎనిమిది. "మీ పిన్నిగారు ఎన్నేళ్ళుగానో అనుకుంటున్న ఊరు కదా, ఓడ దిగి ఐదారు గంటల్లో చూసి వచ్చేసేది కాదమ్మా అది" అన్నారు. ఆ మాటతో నిర్ణయం అయిపోయింది.

ఇంకొక విషయం నన్ను బాగా ఆకట్టుకుంది. వీసాలు. మేం హైదరాబాద్‌లో షెంగెన్ వీసాకి (గ్రీస్‌తో సహా చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చేది, టర్కీ అందులో లేదు) పెట్టినప్పుడే మల్టిపుల్ ఎంట్రీ అడగమని ఈవిడే ఫైలు మీద రాసి పంపారట, మాకు అప్పుడు ఎందుకో తెలియలేదు. గ్రీస్‌లో ఎక్కి టర్కీలో దిగి మళ్ళీ గ్రీస్‌లోకి వస్తే అది రెండోసారి ప్రవేశించినట్టు లెక్క, సింగిల్ ఎంట్రీ వీసా అయితే చిక్కే. రేవు మారితే ఈ లెక్క కూడా మారుతుంది. మాది ఒక గ్రీకు రేవు పోయి ఇంకో గ్రీకు రేవు వచ్చింది కాబట్టి గొడవ లేదు. అదే వేరే దేశం రేవు పెట్టి ఉంటే, మన పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి దానికి వేరే వీసా కావాలా అని వెంటనే చూసుకోవాలి, లేకపోతే అందరూ దిగుతుంటే మనం ఓడ మీద నిలబడి చూడాలి. యూరప్, అమెరికా పాస్‌పోర్టుల వాళ్ళకి రేవు మారడం అంటే నిరాశ మాత్రమే, మనకి అది కాగితాల పని కూడా. మెయిల్ పంపే కంపెనీ ఈ సంగతి రాయదు. మన ఊరి ఏజెంటు చెప్పాలి, ఈవిడ చెప్పారు. తిరుగు విమానం రెండు రోజులు జరిగితే వీసాలో ఉన్న రోజులు సరిపోతాయా అని కూడా మా పాస్‌పోర్టులు తెప్పించుకుని చూశారు.

విమానం తేదీ మార్చినందుకు ఎయిర్‌లైన్ తీసుకున్నది మేమే కట్టాం, శాంటోరిని హోటల్, ఫెర్రీ మేమే పెట్టుకున్నాం, ఆగస్టులో అక్కడ హోటల్ అంటే మామూలు ఖర్చు కాదు. ఏజెన్సీ మాత్రం ఈ మార్పులన్నిటికీ తన సర్వీస్ చార్జీ వదులుకుంది. నేను అడిగాకే వదులుకుంది, అది కూడా రాయాలి.

ప్రయాణంలో ఇంకో రేవు కూడా పోయింది, మైకొనోస్. అది మెయిల్ వచ్చి పోలేదు, ఆ రోజు ఉదయం కెప్టెన్ అనౌన్స్‌మెంట్‌తో పోయింది. ఏజియన్ సముద్రంలో వేసవిలో ఉత్తరం నుంచి మెల్టెమి అనే గాలి వీస్తుంది, జులై, ఆగస్టుల్లో బాగా ఎక్కువ, ఆకాశం నిర్మలంగా ఉంటుంది కానీ ఓడ రేవులోకి రావడం కుదరదు. మా పక్క టేబుల్ మీద కూర్చున్న కుటుంబం ఎండ ఇంత బాగుంటే ఎందుకు ఆగలేదు, డబ్బు మిగుల్చుకోవడానికే అని వాదించింది. నేను అలా అనుకోను. డెక్ మీద నిలబడితే గాలికి మనిషి కదిలిపోతున్నాడు, మా అమ్మ మెట్ల రెయిలింగ్ వదల్లేదు. ఆ గాలిలో కెప్టెన్ వద్దంటే వద్దనే. ఈ గాలి సంగతి ఏజెన్సీ పెద్దావిడ ముందే చెప్పి మైకొనోస్‌లో బయటి టూర్ ఏదీ బుక్ చేయనివ్వలేదు, అందువల్ల అక్కడ మాకు ఒక్క రూపాయి పోలేదు. పక్క టేబుల్ వాళ్ళకి పోయింది.

డబ్బు వెనక్కి రావడం గురించి, చాలామందికి ఇక్కడే అపార్థం ఉంటుంది. రేవు పోతే టికెట్ ధరలో వాటా రాదు. ఆ రేవు తాలూకు పోర్టు చార్జీలు, రుసుములు మాత్రం వెనక్కి వేస్తారు, మాకు అవి ఓడలోని ఖాతాలో పడ్డాయి, శాంటోరిని ఇరవై యూరోలు పోయి సూడాకి ఐదు పడింది. ఓడ వాళ్ళ దగ్గరే కొన్న టూర్ అయితే రేవు పోయినప్పుడు ఆ డబ్బు అడగకుండానే తిరిగి వస్తుంది. బయట కొన్నది అయితే ఆ టూర్ కంపెనీ రూల్ ఎలా ఉంటే అలా. ధర తక్కువని చూసి బయట కొనేవాళ్ళు "ఓడ రాకపోతే పూర్తి డబ్బు వాపసు" అని రాసి ఉందో లేదో చూసి కొనాలి, చాలా చోట్ల ఉంటుంది. ట్రావెల్ ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోవద్దు. మేం తీసుకున్న పాలసీలో విమానం ఆలస్యం ఉంది, సామాను పోవడం ఉంది, ఆస్పత్రి ఉంది, ఓడ రేవు మార్చుకోవడం మాత్రం లేదు.

చట్టం సంగతి కూడా అడిగాను. యూరప్‌లో అమ్మే ప్యాకేజీలకి అక్కడ ఒక నిబంధన ఉంది, ప్యాకేజీలో ముఖ్యమైన భాగం బాగా మారిపోతే కొన్నవాళ్ళు కోత లేకుండా రద్దు చేసుకోవచ్చు. మనం కొన్నది విశాఖలో, మనకి ఉన్నది 2019 వినియోగదారుల రక్షణ చట్టం. ఇందులో మంచి విషయం ఏమిటంటే కంపెనీ ఎక్కడిదైనా మనం ఉండే ఊళ్ళోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చు, కట్టిన డబ్బు ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్ళలోపు వేయాలి. ముందు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చెప్పినా చాలాసార్లు పని జరుగుతుంది. కానీ అక్కడ నిలబడేది నోటి మాట కాదు, కాగితం. అందుకే ఏజెంటు "తప్పకుండా ఆగుతుంది" అంటే అదే మాట వాట్సాప్‌లో పెట్టమని అడగండి. పెట్టడానికి వెనకాడితే మీకు విషయం అర్థమైపోతుంది.

సూడా గురించి రెండు మాటలు, ఎందుకంటే బదులు వచ్చిన రేవుని అందరూ తీసిపారేస్తారు. అక్కడ ఓడ గట్టుకే ఆగింది, మా అమ్మ మోకాళ్ళ నొప్పితో కూడా మెల్లగా నడిచి దిగింది, అక్కణ్ణుంచి హానియా పాత ఊరికి బస్సులో కొంచెం దూరమే. వెనిస్ వాళ్ళు కట్టిన పాత రేవు, దీపస్తంభం, చిన్న చిన్న దుకాణాలు, అమ్మ ఆ ఊరినే ఎక్కువ ఇష్టపడింది. శాంటోరినిలో అయితే పెద్ద ఓడ గట్టు దాకా రావడం కుదరదు, మధ్యలో లంగరు వేస్తుంది, చిన్న బోట్లలోకి దిగి పాత రేవు చేరాలి, అక్కణ్ణుంచి పైన ఫిరా ఊరికి దాదాపు ఆరు వందల మెట్లు, లేదా కేబుల్ కార్ కోసం లైను. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళకి ఏజెంట్లు ఈ విషయం కూడా చెప్పాలి. మాకు ఎవరూ చెప్పలేదు, తర్వాత ఫెర్రీలో వెళ్ళినప్పుడు తెలిసింది. ఫెర్రీ వేరే రేవులో ఆగుతుంది, కారు దాకా నాలుగు అడుగులే. పిన్ని ఇయా ఊళ్ళో ఒక గోడ మీద ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా కూర్చుంది, ఫొటోలు కూడా పెద్దగా తీసుకోలేదు. ఉదయం పూట జనం తక్కువ ఉంటారు, సూర్యాస్తమయానికి మాత్రం నిలబడటానికి చోటుండదు.

ఈ ఏజెన్సీకి నేను మళ్ళీ వెళ్తానా అంటే వెళ్తాను, ఆ పెద్దావిడ ఉన్నంత కాలం, ఆవిడ దగ్గరే కూర్చుంటానని చెప్పి. ఆన్‌లైన్‌లో నేరుగా కొంటే కొంచెం తక్కువకే వస్తుంది, నిజమే. కానీ రేవు మారినప్పుడు మన వీసా, మన విమానం, మన పెద్దవాళ్ళ మోకాళ్ళు ఇవన్నీ కలిపి ఆలోచించే మనిషి వెబ్‌సైట్‌లో ఉండరు. కొనే ముందు నేనైతే ఇప్పుడు ఏ ఏజెంటునైనా నాలుగు విషయాలు అడుగుతాను: పట్టికలో ఏ రేవుల్లో ఓడ గట్టుకి ఆగుతుంది, ఎక్కడ బోట్లలో దిగాలి, ఏ రేవులో ఈ మధ్య పరిమితులు వచ్చాయి, మేం ముఖ్యం అనుకున్న ఊరు తప్పిపోతే ఏ తేదీలోగా రద్దు చేసుకుంటే ఎంత పోతుంది. వీటికి తడుముకోకుండా జవాబు చెప్పేవాళ్ళకి కమిషన్ ఇవ్వడానికి నాకు బాధ లేదు. వేసవి సెలవులు ఎలాగూ ఏప్రిల్, మే నెలల్లోనే కాబట్టి పిల్లలున్నవాళ్ళు ఆగస్టు కాకుండా అప్పుడే వెళ్ళడం మేలు, గాలి తక్కువ, జనం తక్కువ, శాంటోరిని రుసుము కూడా అప్పుడు పన్నెండు యూరోలే.

ఒక లెక్క మాత్రం ఇంకా తెగలేదు. ఓడ వాళ్ళ మెయిల్ రాకముందే ఆ కుర్రాడు మా చేత శాంటోరినిలో ఒక ప్రైవేట్ టూర్ కొనిపించాడు, కేబుల్ కార్ దగ్గర ఎక్కించుకుని ఊళ్ళు తిప్పే టూర్. తేదీ మార్చమంటే అది ఓడల్లో వచ్చేవాళ్ళకి మాత్రమే అని ఆ టూర్ వాళ్ళు అన్నారు, సగం డబ్బు ఇచ్చారు, సగం ఉంచేసుకున్నారు. పెద్దావిడ ఆ సగం కోసం మెయిల్స్ పెడుతూనే ఉన్నారు, ప్రతిసారీ నన్ను కాపీలో పెడుతున్నారు. అది వస్తే మూడున్నరని నాలుగు చేస్తాను.